అడుగుకొండ కేసలమ్మ దీపం

పూర్వం, ఎర్రేటికి ఇరుగట్లా తుమ్మ అడవి దట్టంగా కమ్ముకొని, ఉప్పు మోసే ఎద్దుల బిడారులు తప్ప ఆ దారిన నడిచేవారే లేని కాలంలో, నదికి దక్షిణపు గట్టున ఉన్న బోడికొండ పాదాన విమలబోధ యతీంద్రులవారి మఠం ఉండేది. నాలుగు స్తంభాల మండపం, అందులో ఒక లింగం, లింగం ముందు నిత్యమూ వెలిగే నందాదీపం, వెనుక పదిమంది శిష్యులకు సరిపడే పర్ణశాల, ఇంతే ఆ మఠం. యతీంద్రులవారు మహా నియమపరులు. వాక్కు నిప్పులాంటిదని, అన్న మాట ఎక్కడో ఒకచోట అంటుకుని తీరుతుందని వారి విశ్వాసం. అందుచేత అశుభమైన మాట వారి నోట పుట్టి ఎరుగదు. కీడును చెప్పవలసి వచ్చినా దానిని మేలుమాటతో చుట్టి చెప్పేవారు.

వారికి అంతకంటే ప్రియమైన నియమం విధేయత. "గురువు మాటను తిప్పి తిప్పి చూసేవాడు బేరగాడే కాని శిష్యుడు కాడు" అని వారు నిత్యమూ బోధించేవారు. చెప్పింది చేస్తే అర్థం దానంతట అదే వెనుక నడిచి వస్తుందని, అర్థం తెలిస్తే గాని కదలననేవాడు ఉన్నచోటనే ఉండిపోతాడని వారి ఉపదేశ సారం. శిష్యులు విని తలలూపేవారు. ఊపినవారిలో ఎందరు పాటించారో ఆ పరమేశ్వరుడికే ఎరుక.

ఆ మఠానికి కేస్లి అనే లంబాడీ స్త్రీ వచ్చి చేరింది. ఆమె భర్త బిడారు నడకలోనే జ్వరపడి కన్నుమూశాడు. ముప్పై ఏళ్ళైనా నిండని ఆమెకూ అదే జ్వరం తగిలి స్మారకం తప్పింది. ఎద్దుమీద కట్టి మోసుకుపోవడం వీలుకాక, ఆమె అన్న హీర్యా ఆమెను మఠం వాకిట దించి, ఉప్పు అమ్ముకొని తిరిగి వచ్చేటప్పుడు తీసుకుపోతానని సైగలతో చెప్పి సాగిపోయాడు. జ్వరం తగ్గింది. బిడారు మాత్రం ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. వానలు తప్పి దారిపొడవునా నీళ్ళగుంటలు ఎండిపోవడంతో ఉప్పుదారి మరోవైపు తిరిగిపోయిందని ఎవరో బాటసారి చెప్పాడు. కేస్లి మఠం వాకిలి ఊడుస్తూ, మఠం ఆవును మేపుతూ, వత్తులు చేస్తూ, ఎద్దుల మెడపుండ్లకు తమవాళ్ళు తీసే పద్ధతిలో కానుగనూనె తీసి దీపానికి పోస్తూ అక్కడే ఉండిపోయింది. తెలుగు కొంచెం కొంచెం నేర్చింది. మఠంవారు ఆమెను కేసలమ్మ అన్నారు.

ఒకనాటి సందెవేళ యతీంద్రులవారు జపం నడుమ కళ్ళు తెరిచి, "అమ్మా, మండపం మూల పురుగున్నట్టుంది, చూడు" అన్నారు. కేసలమ్మ చీపురు పట్టుకొని గబగబా వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానూ తిరిగి వచ్చి చేతులు కట్టుకొని నిలబడింది.

"స్వామీ, మీ పురుగుకు పడగుంది."

వంట సూరప్ప పొట్ట పట్టుకొని నవ్వాడు. "ఓసి పిచ్చితల్లీ, దీపాలు పెట్టే వేళ పామును పామంటారా ఎవరైనా? పురుగంటే అదే. చీపురుతో ఊడ్చి పారేస్తుందట! ఇంకా నయం, కొంగున మూట కట్టుకు రాలేదు."

"పామని చెప్తే కర్ర తీసుకుపోదును కదన్నా!"

"ఏమిటని అడక్కు, ఎందుకని అడక్కు. చెప్పింది చెయ్యి. ఇక్కడ పద్ధతి అది."

యతీంద్రులవారు మాత్రం నవ్వలేదు. "అర్థం తెలియకపోయినా చెప్పగానే వెళ్ళింది చూశావా సూరప్పా? శిష్యత్వమంటే అది" అన్నారు. ఆ మాట కేసలమ్మ గుండెలో నాటుకుంది. అయినవాళ్ళు దించిపోయిన చోట ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. నాటి నుంచి గురువుగారి నోట వచ్చిన మాటను వచ్చినట్టే పట్టుకోవడం, ఎక్కడైనా తప్పు పోయానేమోనని పగలంతా విన్న మాటల్ని పడుకునే ముందు ఒక్కొక్కటే తిరగేసుకోవడం ఆమెకు అలవాటైంది.

మూడో ఏడు కూడా వాన లేదు. ఎర్రేరు ఇసుక మేట అయింది. శిష్యులు ఒకరొకరే సెలవు తీసుకున్నారు. చివరికి సూరప్ప కూడా గరిటె కడిగి బోర్లించి కళ్ళొత్తుకుంటూ పోయాడు. యతీంద్రులవారు కాశీలో దేహం చాలించాలని నిశ్చయించుకున్నారు. నందాదీపాన్ని కాపాడే దిక్కులేక, పూజలేని లింగం ముందు దీపం అనాథగా కొడిగట్టడం కంటే సక్రమంగా సాగనంపడమే మేలని తలచి, ప్రయాణమైన ఉదయాన కర్రా కమండలమూ చేతబట్టి వాకిట నిలిచి ఇలా అన్నారు:

"కేసలమ్మా, ఆవును విప్పి అడవికి తోలెయ్యి. తలుపు దగ్గరగా వెయ్యి. దీపం కొండెక్కించు. ఆపైన నీ భారం శివుడిది."

"దీపమా స్వామీ?"

"అవునమ్మా, దీపమే. కొండెక్కించు. వెళ్ళొస్తాను మరి."

దీపం ఆర్పడమనే మాట అశుభమని మన పెద్దలు దానిని కొండెక్కించడమన్నారు. తెలుగు గడ్డమీద పుట్టినవారు ఎవరైనా ఆ మాట విని వత్తిమీద పువ్వుతో తాకి, దణ్ణం పెట్టి ఊరుకునేవారు. కేసలమ్మ తలెత్తి వాకిటి ముందున్న బోడికొండను చూసింది. చెట్టూ చేమా లేని రాయి, దారి కూడా లేదు. ఎందుకు స్వామీ అనే ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. 'చెప్పగానే వెళ్ళింది చూశావా' అన్న మాట తోచి, ఆ ప్రశ్నను మింగేసింది. ఆమె జీవితమంతా ఆ ఒక్క గుటకతో మారిపోయింది.

ఆవును విప్పింది. తలుపు దగ్గరగా వేసింది. ఇత్తడి ప్రమిదను చిల్లికుండలో పెట్టి, కుండను చంకనెత్తుకొని, నూనెపిడత నడుముకు కట్టుకొని కొండెక్కసాగింది. రాతిపొరల మీద మోకాళ్ళు చెక్కుకుపోయాయి. గాలి విసిరినప్పుడల్లా కుండ మీదికి వంగి వెన్ను అడ్డం పెట్టింది. కొండకొమ్ముకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అక్కడ రెండు బండల మధ్య గూడులాంటి నెర్రె కనిపిస్తే ప్రమిదను అందులో నిలిపింది. ఆ ఎండలో దీపం వెలుగుతున్నదో లేదో కంటికి కనబడనే లేదు. వేలు దగ్గర పెట్టి, సెగ తగిలాక తృప్తిపడి, పక్కన చతికిలబడింది. చెప్పింది చేశాను, ఇక గురువుగారు రావడమే తరువాయి అనుకుంది. వెళ్ళొస్తానన్నారు కదా.

ఆ ఏడు వానలు కురిశాయి. కొండమీది రాతిదొనలో నీళ్ళు నిలిచాయి, ఎర్రేరు ఒడ్డులొరసి పారింది. గురువుగారు రాలేదు. కేసలమ్మ కొండవాలున కానుగలు ఏరి, దంచి, ఉడికించి నూనె తీసేది. చీర చెరగు చించి వత్తులు చేసేది. దీపాన్ని విడిచి ఎంతసేపు దూరంగా ఉండవచ్చో గురువుగారు చెప్పలేదు గనుక, తప్పు జరుగుతుందేమోనన్న దిగులుతో, కానుగల కోసం దిగినా నాలుగు కాయలకోసారి తలెత్తి కొమ్మువైపు చూసుకునేది. మాట్లాడేందుకు మనిషి లేక మొదట దీపంతో మాట్లాడింది. తర్వాత దొనలో తన నీడతో మాట్లాడింది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. ఏటి అవతలి పల్లెలో ఉదయం లేచే వంటపొగలను చూస్తూ, ఏ పొగ ఏ ఇంటిదో, ఏ ఇంట ఎందరుంటారో ఊహించుకోవడమే ఆమెకు బంధుత్వం.

ఎర్రేటి నడుమ పులిబండలని పేరుపడిన రాళ్ళున్నాయి. సందె చీకట్లో పుట్టిపడవ వేసుకొచ్చేవారికి ఆ బండలు కనబడక మునకలు జరుగుతుండేవి. అటువంటిది, కొండమీద వెలుగు పుట్టినప్పటి నుంచి దానిని ముక్కుకు సూటిగా పెట్టుకొని పుట్టి నడిపితే బండలు తప్పుతున్నాయని బెస్తవారు కనిపెట్టారు. వారి పెద్ద తిప్పన్న ఆ వెలుగు ఏ దేవతదో చూద్దామని ఒకనాడు కొబ్బరికాయ పట్టుకొని కొండెక్కాడు. మసిబారిన ముఖంతో వత్తి ఎగదోస్తున్న ఆడమనిషిని చూసి తెల్లబోయాడు.

"ఎవరు పెట్టమన్నారమ్మా ఇక్కడ?"

"గురువుగారు. దీపం కొండెక్కించమన్నారు."

తిప్పన్న నోరు తెరిచాడు. తెరిచిన నోటిని అలాగే కాసేపు ఉంచి, మూసుకున్నాడు. "ఎన్నాళ్ళు?" అన్నాడు చివరికి.

"వెళ్ళొస్తానన్నారు. వచ్చిందాకా."

తిప్పన్న వెనక్కి తిరిగి ఏటివైపు చూశాడు. పులిబండల మీద నురగ తెల్లగా పొంగుతున్నది. ఆ బండలే కరువుకు ముందు అతని తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాయి. "మంచిదమ్మా" అని, కొబ్బరికాయ ఆమె ముందు పెట్టి దిగిపోయాడు. మరునాటి నుంచి పల్లెవారు జొన్నలూ చింతపండూ కొండసగం దాకా తెచ్చి పెట్టిపోయేవారు. సందెవేళ పుట్టి పులిబండలు దాటగానే, అమ్మను ఆమె భాషలో ఏమంటారో అడిగి తెలుసుకున్న బెస్తవారు, "యాడీ!" అని ఏట్లో నుంచి కేక వేసేవారు. ఆమె "ఓ!" అనేది. రోజు మొత్తానికి ఆమె పలికే పలుకు అదే.

కొండెక్కిన ఏడో ఏట ఒకనాడు తెల్లవారుతుండగా, కొండ కింద ఎద్దుల మెడగంటలు వినిపించాయి. ఆ గంటల జాతి ఆమె ఎరుగును. మధ్యాహ్నానికి హీర్యా కొండెక్కి వచ్చాడు, గడ్డం నెరిసిపోయింది. చెల్లెల్ని చూసి ఏడ్చాడు, వెంటనే కోప్పడ్డాడు.

"నడు. కింద నీకోసం ఎద్దు సిద్ధంగా ఉంది."

"గురువుగారు వస్తానన్నారు అన్నా."

"ఏ గురువు? ఏడేళ్ళయింది. ఎద్దైనా మూడు రోజులు చూసి తాడు తెంపుకుంటుంది."

"నేను ఎద్దును కాను."

"కావు. ఎద్దుకు బుద్ధుంటుంది." హీర్యా నడుము నుంచి ఉప్పుసంచి విప్పి ఆమె ముందు పెట్టాడు. "నిన్ను దించిపోయిన తప్పు నాది. అందుకే మొక్కుకొని వెతుక్కుంటూ వచ్చాను. మళ్ళీ వచ్చేటంత ఆయుస్సు నాకుందో లేదో. చివరిసారి అడుగుతున్నాను, వస్తావా?"

కేసలమ్మ దీపం వైపు చూసింది, అన్నవైపు చూసింది. అతను దిగిపోయాడు. గంటలు కదిలిన చప్పుడు విన్నాక ఆమె కాళ్ళు తమంత తామే పరుగెత్తాయి. కొండసగం దాకా దిగింది. అక్కడ గాలి మొదలైంది, గూటిలో దీపం తలపుకు వచ్చింది. నిలబడి, గంటల చప్పుడు వినిపించినంతసేపూ విని, పైకి ఎక్కింది. ఆ సాయంత్రం ఏట్లో నుంచి "యాడీ!" అన్నారు. ఆమె పలకలేదు. బెస్తవారు భయపడి మూడుసార్లు పిలిచారు.

ఇలా పన్నెండేళ్ళు నిండాయి. కాశీలో విమలబోధ యతీంద్రులవారిని మృత్యువు పిలవలేదు. వృద్ధులై, పుట్టిన దిక్కుకు మనసు లాగి, నడిచి నడిచి ఒక వానాకాలపు సందెవేళ ఎర్రేటి ఉత్తరపు గట్టుకు చేరారు. తిప్పన్న ఆయన్ను పుట్టిలో ఎక్కించుకున్నాడు. బోడికొండ మీద వెలుగు చూసి అదేమిటని వారడిగితే, "మీరే వచ్చి చూడండి స్వామీ" అని మాత్రం అన్నాడు. గట్టు చేరాక, పల్లెవారి నడకతో పడిన కాలిబాటన చేయి పట్టుకొని కొండెక్కించాడు.

కేసలమ్మ వారిని చూసి కేకవేసి పాదాలమీద పడింది. "వచ్చారా! వెళ్ళొస్తానన్నారు, వచ్చారు! ఆవును విప్పాను స్వామీ. తలుపు దగ్గరగా వేశాను. దీపం కొండెక్కించాను. ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదు" అని, పన్నెండేళ్ళుగా కూడబెట్టుకున్న మాటల్ని ఒక్కగుక్కలో చెప్పేసింది. యతీంద్రులవారికి మొదట ఏమీ బోధపడలేదు. ఆ పైన కొంచెం కొంచెంగా బోధపడసాగింది. ఆయన కూర్చోవడానికి రాయిని తడుముకున్నారు.

అప్పుడే మబ్బు కమ్ముకొని గాలి లేచింది. దీపం సన్నగిల్లింది. "స్వామీ, ఆ పిడత ఇలా అందించండి, నూనె పోస్తాను" అంది కేసలమ్మ, రెండు చేతులూ వత్తికి అడ్డం పెట్టి. వారు పిడతను వంచి చూశారు. అడుగున మడ్డి తప్ప చుక్కలేదు. ఏదైనా అయిపోయినప్పుడు లేదనకుండా నిండుకుందనడం మన ఇళ్ళ మర్యాద. జీవితకాలపు అలవాటు చొప్పున వారు, "నూనె నిండుకుందమ్మా" అన్నారు.

"నిండుకుందా! ఇంకా మూడు రోజులకు గాని కానుగ ఉడకదు, ఎలాగా అనుకుంటున్నాను" అని కేసలమ్మ సంతోషంగా పిడత అందుకొని వంచింది. బంగారు తీగలా నూనె ధార ప్రమిదలో పడింది. ప్రమిద నిండింది, పిడత తరగలేదు. తిప్పన్న నేలమీద సాష్టాంగపడ్డాడు. కేసలమ్మకు మాత్రం అందులో వింత ఏదీ కనబడలేదు. గురువుగారు నిండుకుందన్నారు, నిండుగానే ఉంది.

ఖాళీ పిడతను యతీంద్రులవారు కళ్ళారా చూశారు. తన నోట వచ్చిన మాటకు తాను ఇచ్చిన విలువ కంటే ఈమె ఇచ్చిన విలువ ఎక్కువని, దేవుడు ఆమె పక్షాన నిలిచాడని తెలిసిపోయింది. ఇక దాచడం పాపమనిపించింది.

"కేసలమ్మా, నేను లేదనే అన్నాను. మా మాటలు అలా ఉంటాయి. దీపం కొండెక్కించమంటే..." వారు దీపం వైపు చూశారు. "ఆర్పమని."



"ఆర్పమనా?"

"అవునమ్మా."

కేసలమ్మ, "మరి వెళ్ళొస్తానన్నది?" అంది.

"పోతానంటే అశుభమని అలా అంటాం. నేను కాశీలో రాలిపోదామని వెళ్ళాను. తిరిగి వచ్చే తలంపు లేదు. అది మర్యాద మాట తల్లీ."

"మర్యాదా?" అంది కేసలమ్మ. "మా అన్న వచ్చి పిలిచాడు స్వామీ. ఎద్దును తెచ్చుకొని మరీ వచ్చి పిలిచాడు." ఆమె తిప్పన్నవైపు తిరిగింది. "అన్నా, నీకు తెలుసా ఈ మాటకు అర్థం?"

తిప్పన్న తలదించుకున్నాడు. "మొదటి రోజే తెలుసమ్మా. చెప్తే దిగిపోతావని చెప్పలేదు. మా బతుకులు ఏట్లో ఉన్నాయి. నన్ను కొట్టు."

ఆమె కొట్టలేదు. ఏడవనూ లేదు. మోకాళ్ళు కౌగిలించుకొని, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. మనిషి తోడు లేని పన్నెండేళ్ళలో ఎప్పుడూ లేనంత ఒంటరితనం, ఇద్దరు మనుషులు పక్కనుండగా ఆమెను అప్పుడు కమ్ముకుంది. గురువుగారు చెప్పింది చేస్తున్నానన్న ఒక్క ఊత ఆమెకు ఉండేది. చెప్పింది ఇది కాదని తెలిశాక, ఆ పన్నెండేళ్ళు ఎవరివో కూడా తెలియకుండా పోయింది.

యతీంద్రులవారు చూడలేకపోయారు. ఈ బంధాన్ని వేసినది తన మాటే గనుక విప్పవలసిందీ తన మాటేనని తలచి, జన్మలో పలకని మాటను తెగించి పలికారు. "ఆర్పెయ్యి కేసలమ్మా. ఈసారి అర్థం అదే. ఆర్పేసి నాతో కిందికి రా. ఇది గురువాజ్ఞ."

ఆమె చెయ్యి దీపం దాకా వెళ్ళింది. అలవాటైన చెయ్యి, చెప్పగానే కదిలే చెయ్యి. వత్తికి జానెడు దూరంలో అది ఆగిపోయింది.

"ఎందుకు స్వామీ?"

"నీ మేలు కోసం. నువ్వు విడుదల కావాలని."

"నా మేలు కోసమైతే నేను దిగుతాను. ఏట్లో ఇంకా నాలుగు పుట్లు రావాలి. వాళ్ళ దీపం ఎందుకు ఆర్పాలి?"

యతీంద్రులవారు బదులు వెదికారు. శాస్త్రాలన్నీ తిరగవేసినా దొరకలేదు.

"చెప్పలేకపోతే నేను చెయ్యను" అంది కేసలమ్మ. ఆ మాట అని తనే ఉలిక్కిపడింది. తర్వాత మెల్లగా, తనకే చెప్పుకుంటున్నట్టు అంది: "మీ మాట కోసం ఎక్కాను స్వామీ. మీ మాట కోసమే ఉన్నాననుకున్నాను. అన్న వెళ్ళిపోయిన మరునాడు మీ మీద ఎంత కోపమొచ్చిందో మీకు తెలియదు. ఆరోజు మీ మాట కోసమైతే ఉండేదాన్ని కాదు. సందెకు ఆ కేక వినిపిస్తుందని ఉన్నాను."

అదే సమయానికి ఏట్లో నుంచి "యాడీ!" అని పిలుపు వచ్చింది. ఆమె లేచి బండ అంచుకు వెళ్ళి "ఓ!" అంది.

వృద్ధ యతి ఆ చీకటి ఏటిని, అందులో కదిలే మనుషులను చూస్తూ ఉండి, "నేనుంటాను ఇక్కడ. నువ్వు నీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు" అన్నారు.

"మీకు వత్తి చెయ్యడం కూడా రాదు."

"నేర్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను."

కేసలమ్మ నేర్పింది. వత్తిని తొడమీద వదులుగా పేనాలి, గట్టిగా పేనితే నూనె పీల్చదు గనుక. ప్రమిదను పడమటి అంచు ఎత్తుగా ఉండేలా పెట్టాలి, ఈ కొండమీద గాలి అటు నుంచి వస్తుంది గనుక. పచ్చికాయ ఏరకూడదు, నూనె తక్కువ, పొగ ఎక్కువ గనుక. ప్రతి పనికీ కారణం చెప్పింది. అంతటి పండితులూ శ్రద్ధగా విని, మధ్యమధ్య సందేహాలు అడిగారు. తెల్లవారాక ఆమె కొంగు దులుపుకొని, "పోతున్నాను స్వామీ" అంది. పోయి రా అనబోయి, పెదవి కదిలిన వారు ఆగిపోయారు. "సరేనమ్మా" అన్నారు.

ఉప్పుదారులన్నీ వెతికి రెండో ఏట ఆమె తన బిడారును కలుసుకుంది. హీర్యా అప్పటికే ఏడాది కిందట పోయాడు. అన్నకూతురు ఆమెను ఆనవాలు పట్టి అక్కున చేర్చుకుంది. తన భాష తన నోట తడబడుతుంటే పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో కూర్చోవడమే ఆమెకు పండుగయింది. అయినా దీపాలు పెట్టే వేళకు మాట మధ్యలో ఆగి, ఎవరో పిలిచినట్టు చెవి ఒగ్గేది. ఎవరూ రమ్మనలేదు. వస్తానని ఆమె ఎవరికీ చెప్పి రాలేదు. అయిదో ఏట బిడారు తూర్పుకు మళ్ళిన రోజున, పది ఎద్దులను వేరుచేసుకొని అన్నకూతురి కుటుంబంతో ఎర్రేటి దారి పట్టింది.

ఉత్తరపు గట్టుకు వచ్చేసరికి సందె వాలుతున్నది. అవతల బోడికొండ మీద చిన్న చుక్క వెలిగింది. కేసలమ్మ పుట్టి ఎక్కకుండా అక్కడే నిలబడిపోయింది. పన్నెండేళ్ళు కంటికి రెప్పలా కాచిన దీపం దూరం నుంచి ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూసి ఎరుగదు. అది ఎంతో చిన్నది. కాని ఆ నల్లటి కొండనూ ఆ నల్లటి నీటినీ చూసి భయపడేవాడికి, అక్కడ ఒక మనిషి మెలకువతో కూర్చుని ఉన్నాడని అది చెబుతున్నది. అప్పుడు ఏడ్చింది కేసలమ్మ, పన్నెండేళ్ళకూ సరిపడా.

కొండమీద యతీంద్రులవారు చూపు మందగించి, మసివేళ్ళతో వత్తి పేనుతున్నారు. అడుగుల చప్పుడుకు తలెత్తి, "వస్తానని చెప్పలేదే నువ్వు?" అన్నారు.

"చెప్పలేదు. ఎవరూ రమ్మననూ లేదు. రావాలనిపించింది."

వారు వత్తి పక్కన పెట్టి, "విధేయత గొప్పదని జీవితమంతా చెప్పాను. చెప్పినట్టు నడిచి ఒకసారి ఎక్కావు, చెప్పకుండా ఇప్పుడు ఎక్కావు. ఈ రెంటిలో శివుడికి ఏది ఇష్టమో నాకు తెలియదమ్మా" అన్నారు.

"అడిగి చూడండి" అంది కేసలమ్మ. "అడిగితే తప్పేముంది?"

ఆ తరువాత వారిరువురూ ఆ దీపం చెంతనే కాలం గడిపి, ఒకరి వెనుక ఒకరు శివసాయుజ్యం పొందారు. యతీంద్రులవారి మఠం కొండపాదాన మళ్ళీ వెలిసింది. కేసలమ్మవారి తండా దాని పక్కనే నిలిచింది. కొండకొమ్మున విగ్రహమంటూ లేదు. గూడు, గూటిలో దీపం, పక్కన రాయిగా మారిందని చెప్పే పిడత, ఇవే అక్కడి దైవం. ఆ రాతిపిడత అడుగున వేలు పెట్టి చూస్తే ఎండాకాలంలోనైనా నూనెతడి తగులుతుంది. దీపం కాచే హక్కు తండా ఆడవారిది. కార్తికమాసంలో ఒకరోజు మఠాధిపతి కొండెక్కి వారి కింద పనిచేస్తారు.

ఆ కొండకు అడుగుకొండ అనే పేరు రావడానికి కారణం వెతుకుతూ కొత్తవారు బండలమీద దేవుడి పాదముద్ర కోసం చూస్తారు. అక్కడ ముద్ర ఏదీ లేదు. యతీంద్రులవారు తమ చివరి రోజుల్లో పెట్టిన నియమమే ఆ పేరుకు మూలం: ఈ కొండమీద ఎవరు ఎవరికి ఏ పని చెప్పినా, విన్నవారు ఎందుకని అడగాలి, చెప్పినవారు కారణం చెప్పాలి. మఠాధిపతి తండా స్త్రీని అడుగుతారు. శిష్యుడు మఠాధిపతిని అడుగుతాడు. పిల్లలకైతే కొండ ఎక్కుతుండగానే సంబరం మొదలవుతుంది. చెయ్యి పట్టుకో అంటే ఎందుకు, అటు పోకు అంటే ఎందుకు, దణ్ణం పెట్టు అంటే ఎందుకు. తల్లులు విసుక్కోకుండా నిలబడి, ఆలోచించి, తెలిసినంతవరకు చెబుతారు. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకొని, పిల్లవాడితో పాటు తామూ ఆ దీపం ముందు కాసేపు కూర్చుంటారు.